కడుపు నిండిన డేగ

ఎడమచెయ్యి చాచి అలా ఎంతసేపటినుంచి నిలబడిందో డేగమ్మకే తెలియదు. భుజం పీకుతోంది. తోలు తొడుగు మీద పెట్టిన కౌజుపిట్ట మాంసం ముక్క ఎండకు అంచుల్లో నల్లబడుతోంది, ఎక్కడినుంచి వచ్చిందో ఒక ఈగ దాని మీద వాలి, కాళ్ళు రుద్దుకుని, విందు తన కోసమే ఏర్పాటు చేసినట్టు తీరిగ్గా సర్దుకు కూర్చుంది. కూర్చోనీ, ఎవరో ఒకరు తింటున్నారు కదా. పైన డేగ తిరుగుతోంది. ధాన్యం గోదాముల రేకుల కప్పుల మీదా, రేవులో నిలిచిన ఓడల మీదా, వాటి వెనక మెరిసే నీళ్ళ మీదా, రెక్క ఒక్కసారైనా ఆడించకుండా, వేడెక్కిన రేకుల మీదినుంచి లేచే గాలికి ఒళ్ళు వదిలేసి, రెక్కల చివరి ఈకలు వేళ్ళలా విప్పుకుని, గుండ్రంగా, ఇంకా గుండ్రంగా, చూసేవాళ్ళకు తల తిరిగేలా. ఆమె ఈల వేసింది. రెండు పొట్టివి, ఒకటి పొడుగుది. ఇన్నేళ్ళుగా ఆ ఈల వింటే చాలు, ఆకాశంలో ఎంత ఎత్తునున్నా రెక్కలు ముడుచుకుని చేతి మీదికి దూసుకొచ్చేది. ఇవాళ తలైనా తిప్పలేదు. గాలి ఎదురుగా ఉంది, వినపడలేదేమో. వినపడకపోవడమేమిటి నా మొహం, ఎక్కడో గడ్డిపరక కదిలితే పసిగట్టే పిట్టకి. వినపడింది. వినపడి కూడా రాలేదు.

రాకపోతే? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా ఆమె దాన్ని ఈగను తోలినట్టు తోలేస్తోంది, అది మళ్ళీ వచ్చి వాలుతోంది. డేగ కాళ్ళకు తోలుపట్టీలున్నాయి, ఒక కాలికి మువ్వ ఉంది. చీకటి పడేసరికి ఏ కరెంటు స్తంభం మీదో, ఏ ఓడ తాళ్ళ మధ్యో వాలుతుంది, పట్టీ తీగకు చుట్టుకుంటుంది, తలకిందులుగా వేలాడుతూ కొట్టుకుని కొట్టుకుని తెల్లారేసరికి చచ్చిపోతుంది. మేనమామ డేగ ఒకటి అలాగే పోయింది, తుమ్మకొమ్మకు. కిందికి దించి ఒళ్ళో పెట్టుకుంటే బరువే లేదు, ఆకాశంలో అంత పెద్దగా కనపడేది ఒళ్ళోకొచ్చేసరికి ఇంతేనా అనిపించింది చిన్నప్పుడు. నోరు ఎండిపోయింది. ఈల సరిగ్గా రాలేదు. పెదాలు నాలుకతో తడుపుకుని మళ్ళీ వేసింది.

ఇదే ఆమె ఉద్యోగం. గోదాముల్లో ధాన్యం ఉన్నంతకాలం పావురాలుంటాయి, పావురాలున్నంతకాలం డేగమ్మకు జీతం ఉంటుంది. రోజూ ఎండ వాలాక ఈ పెద్ద గోదాం కప్పు మీదికి ఇనుపమెట్లెక్కి వచ్చి పక్షిని వదులుతుంది. అది ఏ పావురాన్నీ చంపక్కర్లేదు, దాని నీడ రేకుల మీద ఒకసారి పాకితే చాలు, అన్నీ పొలోమంటూ లేచిపోతాయి. బస్తాలు మోసేవాళ్ళు పెట్టిన పేరు డేగమ్మ, అసలు పేరు జీతం పుచ్చుకునేచోట తప్ప ఎక్కడా వాడుకలో లేదు. ఇంట్లో ఆమె మొగుడు మాత్రం పేరు డేగకే పెట్టాడు, సవతి అని. మగాడికి సవతి ఉండటం ఎక్కడైనా విన్నారా, నాకుంది, అదీ నాకన్నా పొగరుబోతుది, అంటాడు కనపడ్డవాళ్ళందరితో. డేగల్లో ఆడదే పెద్దది, మగది దాని ముందు దిష్టిపిడతలా ఉంటుంది అని ఆమె చెప్పిన రోజునుంచీ మరీను. ఆయన లిఫ్టులు బాగుచేసే మనిషి. పొద్దస్తమానం పైకీ కిందికీ తిరగడమే మా ఇద్దరి పనీ, కాకపోతే మా సవతికి తాడు లేదు, అని తన హాస్యానికి తనే ముందు నవ్వుతాడు.

నిన్న రాత్రి నవ్వలేదు. దూరపు నగరంలో కొత్త మేడలు లేచాయట, కంపెనీవాళ్ళు మనుషుల్ని పంపుతున్నారట, మూడేళ్ళు, ఇంట్లోవాళ్ళను తీసుకెళ్ళడానికి లేదు, వస్తావో రావో రేపు సాయంత్రం ఆఫీసు మూసేలోగా చెప్పమన్నారు. ఈ మాటలన్నీ కంచంతోనే చెప్పాడు, ఆమెతో కాదు. తిన్న చెయ్యి ఎండిపోయినా లేవకుండా కూర్చుని, చివరికి తలెత్తి, “నువ్వు వెళ్ళొద్దంటే మానేస్తాను. ఒక్కసారి అను, చాలు” అన్నాడు. ఆమె కంచాలు తీసింది. కుళాయి తిప్పింది. నీళ్ళ చప్పుడు సరిపోయినంత పెద్దదయ్యాక, “మీ ఉద్యోగం, మీ ఇష్టం” అంది. అంతకుమించి ఒక్క మెతుకు కూడా విదల్చలేదు. వీపుకు కళ్ళుండవంటారు గాని ఉంటాయి, ఆయన లేవడం, కుర్చీ వెనక్కి జరపడం, తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగడం, అన్నీ ఆ వీపు చూసింది.

ఆ కుళాయి పొద్దుటినుంచీ చెవుల్లో కారుతూనే ఉంది. అందుకే తూకం మరిచిపోయింది. తూకం వెయ్యకుండా డేగను వదిలిన రోజు ఆమె బతుకులో ఇంతకుముందు లేదు. పక్షిని తూకపుబల్ల మీది కర్ర ఎక్కించాలి, ముల్లు గీత దగ్గర ఆగాలి. గీత దాటితే ఆ రోజు వదలకూడదు, గీతకు మరీ కిందుంటే నీరసం, అప్పుడూ వదలకూడదు. గీత మీదుంటే సరిగ్గా ఆకలి, వేటకు పోయేంత ఆకలి, వెనక్కి వచ్చేంత ఆకలి. ఇవాళ మటుకు బొటనవేలితో రొమ్ము ఎముక తడిమి, రోజూ ఉండేదే కదా అనుకుని, చెయ్యి పైకి విసిరింది. అయినా తప్పెక్కడుంది? నిన్న పెట్టింది తక్కువే, ఇవాళ పొద్దున్న అసలు పెట్టలేదు, అలాంటప్పుడు ఈ పొగరెక్కడిది దీనికి?

రేకుల అంచున ఒక పావురం వాలింది. దాని పక్కన ఇంకొకటి. మెడ ఒకపక్కకు వంచి పైకి చూశాయి, తిరుగుతున్న నీడను చూశాయి, చూసి, తలొంచుకుని రేకుల సందుల్లో గింజలు ఏరుకోసాగాయి. పావురాలకు తెలిసిపోయింది! మనుషులకు తెలియడానికి తూకాలు కావాలి, వాటికి అక్కర్లేదు, పైన తిరిగేది వేటకు తిరుగుతోందో షికారుకు తిరుగుతోందో రెక్క వాలు చూసి చెప్పేస్తాయి. వేటాడే డేగ సూర్యుణ్ణి వీపున వేసుకుంటుంది, కిందివాళ్ళ కళ్ళలో ఎండ కొట్టేలా. ఇది ఎండలోకే మొహం పెట్టుకుని పోతోంది, వెచ్చదనం బాగుందన్నట్టు. కడుపు నిండిన బేరం, అనేవాడు మామయ్య ఇలాంటిదాన్ని చూస్తే. దీనికి ఇవాళ నువ్వు సరుకు కాదు, అంగడి కట్టేసుకో.

ఆమెను పెంచింది మేనమామే. డేగల్ని మచ్చిక చేసి వేటకు తీర్చిదిద్దడం ఆయన విద్య, చేతులనిండా గోళ్ళ గాట్లు, మాటలనిండా సామెతలు. పిట్టకు నీ మీద ప్రేమ ఉండదే అమ్మడూ, ఆకలుంటుంది, ఆ ఆకలి నీ గుప్పిట్లో ఉన్నంతసేపే అది నీది. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు, అని అక్కడికి ఆపేసేవాడు, మూడో ముక్క ఎప్పుడూ అనేవాడు కాదు, వలపు సిగ్గెరగదు అన్నది ఆమెకు పెళ్ళయ్యాక ఎవరో అంటే తెలిసింది, తెలిసి, ఓహో సామెత ఇంకా ఉందన్నమాట అనుకుంది. మామయ్య పెళ్ళిచేసుకోలేదు. ఆయన ఇంట్లో తూకపుబల్ల వాకిట్లోనే ఉండేది, లోపలికి ఎవరొచ్చినా దాన్ని దాటుకునే రావాలి.

జేబులో ఫోను మోగింది. ఎడమచెయ్యి దించకుండానే కుడిచేత్తో తీసింది. ఆయనే, వెనకాల ఎక్కడో ఇనుము మీద ఇనుము పడ్డ చప్పుడు.

“ఏం చేస్తున్నావు?”

“చెయ్యి చాచుకుని నించున్నాను.”

“రాలేదా?”

ఆ అడగడంలో ఏదో ఉంది. ఎప్పుడూ అడగని మనిషి. “రాలేదని మీకెవరు చెప్పారు?”

బడిలో తప్పుచేసి దొరికినవాడి గొంతుతో, “పొద్దున్న నేను పెట్టాను దానికి” అన్నాడు.

“ఏం పెట్టారు?”

“ఫ్రిజ్‌లో వెనక గిన్నెలో ఉన్నదంతా.”

“అంతా?”

“అంతానే. ఆబగా తింది పాపం.”

“ముట్టుకోవద్దని లక్షసార్లు చెప్పానా లేదా? ఎందుకు పెట్టారండీ!”

“నువ్వు నిద్రపోతున్నావు. నాకు పట్టలేదు. వెళ్ళి దాని ఎదురుగా కూర్చున్నా. అది నావంక చూసింది, నేను దానివంక చూశా. ఇద్దరిదీ ఒకటే బతుకనిపించింది. ఒకళ్ళకైనా కడుపు నిండనీ అనుకున్నా.”

ఆమె ఫోను పెట్టేసింది. ఒళ్ళు మండిపోయింది. లోకంలో మొగుళ్ళు తాగి పాడుచేస్తారు, తిరిగి పాడుచేస్తారు, ఈయన జాలిపడి పాడుచేశాడు, ఎక్కడ దొరికాడమ్మా నాకీ మహానుభావుడు! పొద్దున తిన్నది గొంతుకింద సంచిలోంచి మధ్యాహ్నానికి దిగిపోయింది, అందుకే కంటికి ఆనలేదు. తూకం వేస్తే ముల్లు చెప్పేది. తప్పు ఆయనదా, తనదా? ఆయనదే. తనదే. తిట్టడానికి నోరు తెరిస్తే ఒకళ్ళకైనా అన్న మాట వచ్చి అడ్డం పడింది. ఒకళ్ళకైనా. అంటే రెండోవాళ్ళకు నిండలేదని. ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కనాడు గట్టిగా మాట అనని మనిషి ఇవాళ పిట్టను అడ్డం పెట్టుకుని అన్నాడు.

అమ్మకు తూకం తెలియదు. నాన్న లారీ డ్రైవరు, వారానికోసారో రెండువారాలకోసారో వచ్చేవాడు, లారీ హారను వీధి మొదట్లో వినపడితే అమ్మ చేతిలో ఏదుంటే అది అక్కడే వదిలేసి, జుట్టు ముడైనా వేసుకోకుండా గుమ్మంలోకి పరిగెత్తేది. అందరి ముందూ అనేది, నువ్వంటే నాకు ప్రాణం అని, పక్కింటివాళ్ళు నవ్వితే నవ్వనీ అనేది. నాన్న సిగ్గుపడేవాడు, తర్వాత తర్వాత సిగ్గుపడటం మానేసి చెప్పులు విప్పుకుంటూ ఊఁ అనేవాడు. ఒకసారి హారను వినపడలేదు. మళ్ళీ వినపడలేదు. అమ్మ గుమ్మంలోనే కూర్చుని కూర్చుని, ఆ గుమ్మం గడప మీద ఒకచోట నున్నగా అరిగిపోయిందని ఆమెకు గుర్తు, నిజమో కలో. మామయ్య వచ్చి తనను తీసుకెళ్ళిపోయిన రోజు, బండిలో, తనలో తను అనుకున్నట్టు అన్నాడు: మా అక్క గీత దాటించేసింది. అంతే. ఆ ఒక్క మాటను ఆ పిల్ల మూటకట్టుకుంది, బొమ్మలు కూడా మరిచిపోయి వచ్చిన పిల్ల.

అందుకని తను దాటించలేదు. సాయంత్రం కిటికీ దగ్గర నిలబడుతుంది, మలుపులో ఆయన స్కూటరు కనపడేదాకా, కనపడ్డాక ఒంట్లో ఏదో కుదుటపడుతుంది, మెట్లమీద అడుగుల చప్పుడు వినపడగానే వంటింట్లోకి పోయి వీపు తిప్పుకుంటుంది. ఆయనకు జ్వరం వచ్చినప్పుడు రాత్రంతా నుదురు తడుపుతూ కూర్చుని, తెల్లవారి ఆయన కళ్ళు తెరిస్తే, మందు చెంచా ఎక్కడ పెట్టానా అని వెతుకుతున్నట్టు నటించింది. చెంచా చేతిలోనే ఉంది, ఆయన చూశాడు. కొంచెం, కొంచెం, ముల్లు గీతమీద నిలిచేంత. రోజూ ఆ వేళకు ఠంచనుగా ఇంటికొచ్చే మనిషిని చూసి తన తూకం తప్పలేదనుకుంది. ఆయనకు ఎలా ఉందో అడగలేదు. తూకపుబల్ల మీద నిలబెట్టినవాణ్ణి ఎలా ఉందని ఎవరడుగుతారు?

“డేగమ్మా!” కిందినుంచి కాపలా తాత కేక. “పొద్దుగూకుతోంది, మెట్లకు తాళం వేసుకోవాలి నేను!”

“ఇంకాసేపు తాతా!”

“అది రాదులే తల్లీ! పోతే పోయింది, ఇంకోటి తెచ్చుకుందువుగాని!”

ఇంకోటి. ఇంకోటి ఎక్కడ దొరుకుతుంది తాతా, అంగట్లోనా. డేగ ఇప్పుడు రేవు దాటింది, నీళ్ళ మీద చిన్న చుక్క, కళ్ళు చికిలించి చూస్తే చుక్క, ఆర్పి చూస్తే ఏమీ లేదు, మళ్ళీ చుక్క. మువ్వ వినపడదు అంత దూరంనుంచి, వినపడుతున్నట్టే ఉంది. సూర్యుడు ఓడల మధ్యకు జారి రేకులన్నీ ఎర్రబడ్డాయి, కళ్ళలో నీళ్ళు, ఎండకే, ఆ నీళ్ళలో చుక్క రెండైంది. రెండు. రెండు పక్షులు. ఎక్కడ చూసింది ఇలా రెండింటిని?

కొండ అంచు. పొడుగాటి గడ్డి, మోకాళ్ళు గీరుకుపోయే గడ్డి, పక్కన బోర్లా పడుకున్న మామయ్య, ఆయన చొక్కాలోంచి చెమట వాసన. చూడవే అమ్మడూ, అడవి గద్ద, దీనికి నేర్పినవాడు లేడు. చాలా పైన అది గీస్తున్న సున్నాలు, ఒక సున్నా కన్నా ఇంకో సున్నా చిన్నదవుతోంది, కింద రాళ్ళ మధ్య కుందేలుకు ఏమీ తెలియదు, సూర్యుడు గద్ద వైపున్నాడు. ఉన్నట్టుండి సున్నాలు ఆగాయి. రెక్కలు ముడుచుకుంది. పడుతోంది, పడుతోంది, ఆ పిల్ల ఊపిరి బిగబట్టింది, చివరి క్షణంలో రెక్కలు విచ్చి కాళ్ళు ముందుకు, దుమ్ము. ఆ తర్వాత రెక్కలు రెండూ గుడారంలా పరిచి వేటను కప్పేసింది, నేను తినేది ఎవరూ చూడకూడదు అన్నట్టు. తిని, ముక్కు రాయికి అటూ ఇటూ తుడుచుకుని, కూర్చుంది. ఎంతసేపో కూర్చుంది. ఇంకో కుందేలు ఎదురుగా వచ్చి గడ్డి కొరుక్కున్నా కదల్లేదు. చూశావుగా, కడుపు నిండింది, ఇక దానికి ఎవరితోనూ పనిలేదు, పద, అని మామయ్య లేచి దుమ్ము దులుపుకుని నడక సాగించాడు. పాఠం అక్కడితో అయిపోయింది. ఆమెకు ఇన్నేళ్ళూ అక్కడిదాకానే గుర్తు.

కాదు. చెప్పు ఊడింది. చెప్పు తొడుక్కోవడానికి వెనకబడి, వంగి, లేచి వెనక్కి చూసింది. గద్ద రాయి మీదినుంచి లేచింది. ఎక్కడినుంచో ఇంకొకటి వచ్చింది, దాని జోడు. రెండూ కలిసి పైకి, ఇంకా పైకి, మెడ నొప్పెట్టేంత పైకి పోయి, అక్కడ ఒకదాని కాళ్ళు ఒకటి పట్టుకుని, రెక్కలు వదిలేసి, గిరగిరా తిరుగుతూ పడిపోసాగాయి. చచ్చిపోతాయి మామయ్యా అని అరిచింది. రాళ్ళు ఇంక ఇంతే ఉన్నాయనగా విడిపోయి, జారి, మళ్ళీ పైకి. మళ్ళీ పట్టుకుని, మళ్ళీ పడి. కింద కుందేళ్ళు చెవులైనా ఎత్తలేదు. మామయ్యా, తిండి కోసం కాదుగా, మరెందుకలా చేస్తున్నాయి? అన్నిటికీ జవాబున్న మనిషి చాలాసేపు పైకి చూశాడు. చెవి గోక్కున్నాడు. ఏం చెప్పాడు? పెదాలు కదలడం గుర్తుంది, ఒక్క మాటే, చిన్న మాట. గడ్డిలో గాలి. ఏం చెప్పావు మామయ్యా?

రేకులు చల్లబడ్డాయి. ఇక వేడిగాలి లేవదు, పైనున్నదాన్ని మోసేవాళ్ళు లేరు, ఎక్కడో ఒకచోట వాలక తప్పదు. చుక్క కనపడటం లేదు. నీళ్ళ మీద లేదు, ఓడల మీద లేదు. ఆఫీసు మూసే వేళైంది. ఆయన ఇప్పుడు లిఫ్టు గుంతలోంచి పైకొచ్చి, చేతులు నూనెగుడ్డకు తుడుచుకుని, ఆఫీసుకు ఫోను చేసి వస్తాననే చెప్తాడు, చెప్పక ఏం చేస్తాడు, మీ ఇష్టం అన్నాక. ఆమె కుడిచేతి బొటనవేలు ఫోను మీద ఎప్పుడు నొక్కిందో నొక్కింది. చాచిన చెయ్యి దించడం మరిచిపోయింది.

“వచ్చిందా?” అన్నాడు, హలో కూడా అనకుండా.

“రాలేదు.”

“అయ్యో. నాదే తప్పు, నేను…”

“ఆఫీసుకు చెప్పేశారా?”

“ఇంకా లేదు. ఫోను చేతిలోనే ఉంది, ఇప్పుడే చేద్దామని…”

“వెళ్ళొద్దు.”

“ఏంటీ? గాలి చప్పుడు, సరిగ్గా వినపడలేదు.”

వినపడింది. వినపడకపోవడమేమిటి. కప్పు అంచునుంచి కిందికి చూసినట్టుంది ఆమెకు, పట్టుకున్న కాళ్ళు వదిలేసినట్టుంది. “మీరు వెళ్ళొద్దు అంటున్నాను. మీరు లేకపోతే నేను ఉండలేను. సాయంత్రం ఆ కిటికీ దగ్గర ఎవరి కోసం నించోవాలి నేను?”

“నువ్వు కిటికీ దగ్గర నించుంటావా?”

ఆమె తలూపింది, ఫోనులో కనపడదని మరిచిపోయి. అవతల ఇనుము చప్పుడు ఆగింది.

“ఇంకోసారి అను” అన్నాడు.

“వెళ్ళొద్దు.”

“ఇంకోసారి.”

“కడుపు నిండలేదా ఇంకా?” అంది, ఏడుస్తూ, నవ్వుతూ, ముక్కు భుజానికి తుడుచుకుంటూ. కింద తాత తాళాల గుత్తి ఆడిస్తున్నాడు, గలగల. పావురాలు ఒక్కసారిగా లేచి ఆమె చెవుల పక్కనుంచి పోయాయి. గలగల తాళాలది కాదు. వెనకనుంచి, వీపు వైపునుంచి, మువ్వ. చల్లటి గాలి మెడకు తగిలింది, తెలిసిన బరువు ఎడమచేతి మీద దిగింది, గోళ్ళు తోలును పట్టుకున్నాయి, మునుపటికన్నా బరువుగా, గీత దాటిన బరువుతో. మాంసం ముక్క దాని కాలి కిందే ఉంది. ఆమె దాన్ని బొటనవేలితో పైకి తోసింది. డేగ దాన్ని ఒకసారి చూసి, మొహం తిప్పుకుని, ఒళ్ళంతా ఒకసారి విదిలించుకుని, ఒక కాలు పొట్ట ఈకల్లోకి ముడుచుకుంది.

“ఏమే? మాట్లాడవేం? ఏమైంది?”

“వచ్చింది” అంది గుసగుసగా.

“వచ్చిందా! మాంసం చూపించావా?”

“చూపించాను. తీసుకోలేదు.”

“ఆకల్లేకుండా మరి ఎందుకొచ్చిందే?”

పొడుగాటి గడ్డిలో మామయ్య చెవి గోక్కుంటూ పైకి చూశాడు, పెదాలు కదిలాయి.

“ఊరికే” అంది ఆమె.